బకిల్ వెనకవైపు



సైనికుడి ఒంటిమీది వస్తువుల్లో దాచుకోదగ్గవేమిటని అడిగితే ఎవరైనా ముందు పతకం అంటారు. తర్వాత కత్తి అంటారు, ఇనపటోపీ అంటారు. నడుం బెల్టుకుండే బకిల్ పేరు ఎవరూ ఎత్తరు. కాని ఐరోపాలోనూ అమెరికాలోనూ పనిగట్టుకుని ఆ బకిళ్లనే సేకరించేవాళ్లు ఉన్నారు. అందులోనూ జర్మన్ బకిల్ అంటే పడిచస్తారు. వాటిమీద లావుపాటి బొమ్మల పుస్తకాలు వచ్చాయి, వాటికోసం వేలంపాటలు నడుస్తున్నాయి. ఒక బకిల్ అసలుదా నకిలీదా అని ఏళ్ల తరబడి మాటలు మానేసుకున్న స్నేహితులు కూడా ఉంటారు.

ఈ సేకర్తల్లో చేయి తిరిగినవాణ్ణి గుర్తుపట్టడం తేలిక. అతని చేతిలో ఒక బకిల్ పెట్టి చూడండి. కొత్తవాడైతే ముందువైపు చూస్తూ ఉండిపోతాడు. అక్కడ కిరీటం ఉంటుంది, డేగ ఉంటుంది, చుట్టూ ఉబ్బెత్తు అక్షరాలుంటాయి. అనుభవం ఉన్నవాడు ముందువైపు ఒక్క చూపు చూసి చటుక్కున తిప్పేస్తాడు. అతనికి కావలసిన సంగతులు వెనకే ఉంటాయి. నాకు తెలిసినంతలో ఈ సేకరణకు ఉన్న గౌరవమంతా ఆ తిప్పడంలోనే ఉంది. ముందువైపు చూసి మురిసిపోయేవాడి గురించి నాకు కొంచెం భయం కూడా ఉంది. ఎందుకో ముందుముందు చెబుతాను.

ప్రస్తుతం నా ఎదుట బల్లమీద ఒక బకిల్ ఉంది. మొదటి ప్రపంచయుద్ధం నాటి ప్రష్యా సైనికుడిది. అరచేతిలో ఇమిడిపోయే ఉక్కురేకు. నాలుగు మూలలూ కొద్దిగా గుండ్రంగా తిరిగి, మధ్యలో ఒక వలయం ఉబ్బి ఉంది. వలయంలో కిరీటం, దాని పైన 'గాట్ మిట్ ఉన్స్' అనే మూడు మాటలు. అంటే దేవుడు మాతో ఉన్నాడని. కింద ఆకుల కొమ్మలు. బూడిద, ఆకుపచ్చ కలిసిన రంగు వేశారు గాని కిరీటం మీద, అక్షరాల మీద ఆ రంగు అరిగిపోయి ఉక్కు బయటపడింది. వెనక్కి తిప్పితే ఒక అంచున చిన్న కడ్డీ, దానికి రెండు మొనలు. బెల్టు లోపలి పట్టీకి జంటలు జంటలుగా బెజ్జాలుంటాయి. సైనికుడి నడుం కొలతను బట్టి ఆ మొనలు ఏదో ఒక జంటలో దిగుతాయి. రెండో అంచున గంటు ఉంది. బెల్టు అవతలి కొసకు కుట్టిన కొక్కెం వచ్చి అందులో పడుతుంది. ఇంతే యంత్రాంగం. కళ్లు మూసుకుని, చలికి కొయ్యబారిన వేళ్లతో కూడా పెట్టుకోవచ్చు, తీయవచ్చు.

ఈ రేకు మోసిన బరువు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రెండో యుద్ధకాలపు జర్మన్ పదాతి సైనికుణ్ణి తీసుకోండి. నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పు తోలు బెల్టు. దానికి బకిల్‌కు అటొకటి ఇటొకటి తూటాల సంచులు. ఒక్కో సంచికి మూడు అరలు, అరకు పది తూటాలు, వెరసి అరవై. పక్కన బాయ్‌నెట్టు, దాని పక్కన మట్టి తవ్వే చిన్న పార, వెనక రొట్టెల సంచి, నీళ్ల సీసా. భుజాల మీదుగా దిగే తోలు పట్టీలు కొంత బరువు పంచుకుంటాయి. మిగిలిందంతా ఆ రెండు మొనల మీదే. నడుం బిగించడమంటే మనకు ఉత్సాహానికి సంబంధించిన మాట. ఆ సైనికుడికి అది అరవై తూటాలు, ఒక పార.

దీని పుట్టుక 1847లో, ప్రష్యా రాజ్యంలో. అంతకు కొన్నేళ్ల ముందే, 1842, 43లలో, ప్రష్యా తన సైన్యానికి కొత్త దుస్తులు కుట్టించింది. కొనదేరిన టోపీ, ఆ పికెల్‌హౌబె, అప్పటిదే. ఆ వరసలోనే ఈ పెట్టెలాంటి బకిల్ వచ్చింది. మొదట ఇత్తడి పలక, దాని మధ్యలో తెల్లటి లోహపు బిళ్ల, ఆ బిళ్లమీద కిరీటమూ నినాదమూ. ఆ తెల్లటి లోహం పేరు చెబితే మీకు నవ్వొస్తుంది. జర్మన్ సిల్వరే. మన పెళ్లిళ్లలో, నోముల్లో తాంబూలంతో ఇచ్చే కుంకుమభరిణల జర్మన్ సిల్వర్. రాగి, నికెల్, జింకు కలిపి కరగబోస్తారు, వెండి రవ్వంతైనా ఉండదు. 1823లో శాక్సనీ ప్రాంతంలోని ష్నేబర్గ్‌లో గైట్నర్ అనే ఆయన తయారుచేసిన మిశ్రమం. ప్రష్యా సైనికుడి పొట్టమీద మెరిసిందీ మన పూజగదిలో మెరుస్తున్నదీ ఒకే కుటుంబపు లోహాలు.

నినాదం మాత్రం ప్రష్యా సొంతం కాదు. 1631లో బ్రైటెన్‌ఫెల్డ్ యుద్ధంలో స్వీడన్ రాజు గుస్టావస్ అడాల్ఫస్ సైన్యం అదే కేకతో దూసుకుపోయింది. తర్వాత అది ప్రష్యా రాజుల చిహ్నాల్లో చేరింది, అక్కణ్ణించి సిపాయి నడుముకు దిగింది.

1871లో జర్మనీ ఒక సామ్రాజ్యం అయింది. బకిళ్లు మాత్రం ఒకటి కాలేదు. బవేరియా సైనికుడికి బవేరియా కిరీటం, 'విశ్వాసంలో దృఢం' అనే అర్థం వచ్చే జర్మన్ మాటలు. శాక్సనీవాడికి దైవసంకల్పాన్ని తలచుకొమ్మని లాటిన్‌లో. వ్యుర్టెంబర్గ్‌వాడికి 'నిర్భయంగా, నమ్మకంగా' అని, అదీ పాతకాలపు వర్ణక్రమంతో. హెస్సెవాడికి దేవుడు, గౌరవం, మాతృభూమి మూడూ. ఒకే కందకంలో పక్కపక్కన పడి చచ్చినవాళ్లు కూడా ఎవరి రాజు కిరీటం వాళ్ల పొట్టమీద పెట్టుకునే చచ్చారు. జర్మన్ ఐక్యత ఎంత లోతుకు వెళ్లిందో తెలుసుకోవడానికి పార్లమెంటు ఉపన్యాసాలకన్నా ఈ నాలుగైదు ఇత్తడి పలకలు బాగా పనికొస్తాయని నా అభిప్రాయం. సామ్రాజ్యకాలపు బకిళ్లు సేకరించేవాళ్లు చాలామంది ఈ రాజ్యాల వరసనే పూర్తిచేయాలని చూస్తారు. ప్రష్యావి కోకొల్లలు, ఎందుకంటే సైన్యంలో సింహభాగం వాళ్లదే. చిన్న రాజ్యాలవి దొరకాలంటే కళ్లు కాయలు కాయాలి.

1915 వచ్చేసరికి మెరిసే ఇత్తడి కాలం చెల్లింది. ఒకటి, ఇత్తడి తూటాల తొడుగులకు కావాలి. రెండు, కందకంలో ఎండకు తళుక్కుమనే వస్తువు ప్రాణం మీదికి తెస్తుంది. దాంతో ఉక్కు, ఆ మీద బూడిదరంగు. నా ఎదుట ఉన్నది ఆ మార్పు తర్వాతిదే.

సేకరణ కూడా ఆ యుద్ధంలోనే మొదలైంది, ఇంకా తుపాకులు పేలుతుండగానే. బ్రిటిష్ సైనికులకు జర్మన్ బకిల్ అంటే మహా మోజు. ఖైదీగా చిక్కినవాడి నడుం నుంచి, చనిపోయినవాడి నడుం నుంచి విప్పుకున్నారు. కొందరు తోలు బెల్టు ఒకటి తీసుకుని దాని పొడుగునా వచ్చిన బొత్తాలు, బ్యాడ్జీలు గుచ్చుకుంటూ పోయేవాళ్లు. వాటికి 'హేట్ బెల్టు' అనే పేరు పడింది. ద్వేషపు బెల్టు. పేరు అలా పడ్డా వాటిలో ద్వేషం కన్నా కుర్రతనపు పోటీయే ఎక్కువ కనిపిస్తుంది నాకు. రెండో యుద్ధంలో అమెరికన్ సైనికులు ఈ పనిని కాగితాల మీదికి ఎక్కించారు. ఫలానా సైనికుడు ఫలానా వస్తువును శత్రువు నుంచి పట్టుకున్నాడు, ఇంటికి తీసుకుపోవచ్చు అని అధికారి సంతకం చేసిన పత్రం. ఇవాళ బకిల్‌తో పాటు ఆ పత్రం కూడా ఉంటే దాని ధరే వేరు.

1918లో రాజులు పోయారు, కిరీటాలూ పోయాయి. వైమార్ రిపబ్లిక్ సైన్యం కిరీటం స్థానంలో డేగను పెట్టి, దేవుణ్ణి మాత్రం ఉంచుకుంది. 1936లో హిట్లర్ సైన్యం రెక్కలు దించిన డేగను తెచ్చి దాని కాళ్లకింద స్వస్తిక గుర్తు ఇరికించింది. అప్పుడు కూడా దేవుడు ఉన్నచోటే ఉన్నాడు. 1941లో సోవియట్ దేశం మీద పడిన లక్షలమంది పొట్టలమీద ఆ మూడు మాటలే.

వైమానిక దళం సంగతి వేరు. అది 1935లో కొత్తగా బయటికొచ్చిన దళం, వెనక సంప్రదాయమేమీ లేదు. వాళ్ల బకిల్‌మీద నినాదం లేదు, ఆకుల దండలో ఎగిరే డేగ మాత్రమే. తొలి రోజుల్లో చేసినవాటిలో డేగ తోక కిందికి వేలాడుతూ ఉంటుంది, తర్వాత దాన్ని సరిచేశారు. సేకరించేవాళ్లు ఈ వేలాడే తోకకోసం అదనంగా డబ్బు పెడతారు. నాకు మాత్రం ఆ మొదటి డేగ కొంచెం జబ్బుపడ్డట్టే కనిపిస్తుంది.

నాజీ పార్టీ సొంత దళమైన ఎస్‌ఎస్ దేవుణ్ణి తీసేసింది. వాళ్ల నినాదం 'విశ్వాసమే నా గౌరవం' అని. విశ్వాసం ఎవరిమీద? దేశం మీద కాదు, ధర్మం మీద కాదు, ఒక మనిషి మీద. 1931లో బెర్లిన్‌లో పార్టీ తుఫానుదళం తిరగబడినప్పుడు ఎస్‌ఎస్ తన పక్షాన నిలబడిందని మెచ్చుకుంటూ హిట్లర్ రాసిన మాటల నుంచి వచ్చింది అది. పిల్లల దళం, హిట్లర్ యూత్, బకిల్ మీద 'రక్తం, గౌరవం'. పద్నాలుగేళ్ల కుర్రాడి నడుముకు ఆ మాటలు కట్టారు. మొత్తం సేకరణలో నాకు అన్నిటికన్నా చేదుగా ఉండేది ఆ చిన్న సైజు బకిలే.

ఇక వెనకవైపుకు వద్దాం.

జర్మనీ పడమటిభాగంలో వెస్ట్‌ఫాలియా కొండల మధ్య లూడెన్‌షైడ్ అని ఒక ఊరుంది. బొత్తాల ఊరు. సైనిక దుస్తులకు బొత్తాలు, బ్యాడ్జీలు, బకిళ్లు గుద్దే కార్ఖానాలు అక్కడ వీధికొకటి ఉండేవి. అస్మాన్, ఓవర్‌హోఫ్, బెర్గ్ ఉంట్ నోల్టె, నోయెలె ఉంట్ హ్యూక్, ఇలాంటి పేర్లు బకిల్ వెనక ముద్రపడి కనిపిస్తాయి. సైన్యపు బకిళ్లకు ఒక చిన్న తోలు నాలుక కుట్టేవాళ్లు, లోహం అంచు సైనికుడికి ఒరుసుకోకుండా. ఆ తోలుమీద కార్ఖానా పేరు, ఊరు, సంవత్సరం గుద్ది ఉంటాయి. యుద్ధం ముదిరాక ఆ నాలుక కుట్టడం మానేశారు, తోలుకు కరువొచ్చింది. లోహంలోనూ అదే కథ. 1930ల నడుమ అల్యూమినియం వాడారు, తేలిగ్గా, తెల్లగా. ఆ అల్యూమినియం విమానాలకు కావలసి వచ్చేసరికి మళ్లీ ఉక్కు. ముందువైపు డేగ ఏళ్ల తరబడి అదే గర్వంతో చూస్తుంటుంది. వెనకవైపు చూస్తే మాత్రం దేశం సరుకు నిండుకుంటున్నట్టు తెలిసిపోతుంది.

1940 తర్వాత ఇంకో మార్పు. సైనిక సామగ్రి చేసే సంస్థలు తమ పేర్ల బదులు రెండు మూడు అక్షరాల గుర్తులు వేయాలన్నారు. చిక్కిన సామాను చూసి శత్రువు ఏ ఊళ్లో ఏ కార్ఖానా ఉందో పసిగట్టి బాంబులు వేయకుండా. ఆ గుర్తుల పట్టికలు ఇప్పుడు అచ్చులో దొరుకుతాయి, సేకర్తలకు కంఠతా వచ్చు. నాజీ పార్టీకి సంబంధించిన దళాల సామానుకు వేరే పద్ధతి. మ్యూనిక్‌లో ఉన్న పార్టీ సరఫరా శాఖ అనుమతి ఉంటేనే కార్ఖానా వాటిని చేయాలి, ఆ శాఖ ముద్ర ఆర్‌జడ్‌ఎం వేయాలి. అందుకే సైన్యపు బకిల్ మీద ఆర్‌జడ్‌ఎం ముద్ర కనిపిస్తే అనుమానించాల్సిందే. నకిలీ చేసేవాడు ఎక్కువ ముద్రలుంటే ఎక్కువ ధర వస్తుందనుకుని రెండూ గుద్దేస్తాడు. అత్యాశ పట్టించేస్తుంది.

లూడెన్‌షైడ్ పేరు చదివి ఊరుకుంటే సగమే చదివినట్టు. ఆ ఊరి దగ్గరే హున్స్‌వింకెల్ అనేచోట 1940లో నాజీ రహస్య పోలీసు విభాగం గెస్టపో ఒక శిబిరం తెరిచింది. పనిలో అలసత్వం చూపారని, పని వదిలి పారిపోయారని ముద్రవేసినవాళ్లను 'పని నేర్పించే' శిబిరం అని పేరు. అక్కడికి తెచ్చినవాళ్లలో పోలండ్ నుంచి, సోవియట్ దేశం నుంచి పట్టుకొచ్చిన వెట్టికూలీలు ఎక్కువ. ఆనకట్ట పనిలో వాళ్లు పిట్టల్లా రాలిపోయారు. ఆ ప్రాంతపు పరిశ్రమల్లోనూ యుద్ధపు చివరి ఏళ్లలో ఇలాంటి చేతులే చాలా పనిచేశాయి. 1943 నాటి బకిల్ ఒకటి చేతిలోకి తీసుకుని, అబ్బ ఎంత నున్నగా గుద్దారో అని మెచ్చుకునే సేకర్త, దాన్ని ఎవరు గుద్ది ఉంటారని కూడా అడగాలి కదా. ఆ ప్రశ్న రాని సేకరణ నాకు పనికిరాదు.

నకిలీల మాట వచ్చింది కాబట్టి కొంచెం చెప్పుకుందాం. అసలు బకిల్‌ను రేకు పెట్టి ఉక్కు అచ్చుతో గుద్దుతారు. కాబట్టి ముందువైపు ఏది ఉబ్బితే వెనకవైపు అది పల్లంగా పడుతుంది. అక్షరాల అంచులు కోసినట్టుంటాయి, డేగ ఈకలు లెక్కపెట్టొచ్చు. నకిలీని చాలాసార్లు పోత పోస్తారు. పోతలో అంచులు మెత్తబడతాయి, భూతద్దంతో చూస్తే గాలిబుడగల గుంటలు సన్నగా కనిపిస్తాయి, బరువు ఎక్కువ తూగుతుంది. కడ్డీని ఎలా అతికారు, మాటు ఎక్కడ పెట్టారు, ఆ మాటు చిలుమెక్కిందా లేదా అన్నది ఇంకో పరీక్ష.

అన్నిటికన్నా నమ్మకమైనది అరుగుదల. నిజంగా కట్టుకున్న బకిల్ ఎక్కడ ఒరుసుకుంటే అక్కడే అరుగుతుంది. డేగ రొమ్ము అరుగుతుంది, కొక్కెం పడే గంటు అరుగుతుంది, వెనక అంచు కోటు గుడ్డకు రాసుకుని నున్నబడుతుంది. పాతదిగా కనిపించాలని గరుకు కాగితంతో రుద్దినవాడు పల్లాల్లో కూడా రుద్దేస్తాడు. పల్లంలో రంగు పోయి మిట్టమీద రంగు ఉన్న బకిల్‌ను బల్లమీద పెట్టి నమస్కారం చేసి వచ్చేయండి. ఇంకో పితలాటకం ఉంది. యుద్ధం తర్వాత పాత అచ్చులు కొన్ని మిగిలిపోయాయి, వాటితోనే మళ్లీ గుద్దినవి సంతలోకి వచ్చాయి. అచ్చు అసలుదే, కాలం మాత్రం కాదు. ఇక్కడ పండితులే తడబడతారు.

ఇత్తడి సామాను చూస్తే మన చేతులు ఊరుకోవు. చింతపండు పెట్టి తోమి తళతళలాడించేదాకా నిద్రపట్టదు. ఈ రంగంలో ఆ పని చేశారో, ధర సగానికి పడిపోతుంది, చరిత్ర అంతకన్నా ఎక్కువ పోతుంది. తోలు తగిలిన ఇత్తడిమీద పచ్చగా మైనంలా పేరుకునే చిలుమును కూడా గట్టి వస్తువుతో గీకకూడదు, చెక్కపుల్లతో నెమ్మదిగా తీయాలి.

అధికారుల నడికట్టు వేరే లోకం. ప్రష్యాలో 1896 దాకా అధికారులు నడుముకు వెండిదారపు దట్టీ చుట్టేవాళ్లు. ఆ ఏడు దాని బదులు జరీ బెల్టు వచ్చింది, గుండ్రటి బకిల్‌తో. వెండిజరీలో ప్రష్యాకు నల్లగీతలు, బవేరియాకు నీలంగీతలు, శాక్సనీకి ఆకుపచ్చగీతలు. పట్టుచీర అంచు చూసి ఊరు చెప్పేవాళ్లు మనకున్నట్టే, గీత చూసి రాజ్యం చెప్పేవాళ్లు ఉన్నారు. హిట్లర్ కాలంలో వెండిజరీ పోయి అల్యూమినియం జరీ వచ్చింది. సాధారణ అధికారికి వెండిరంగు బకిల్, జనరల్‌కు బంగారు రంగు.

దౌత్యవేత్తల బెల్టుల కోసం కూడా సేకర్తలు వెతుకుతారు. మరి దౌత్యవేత్తలకు బెల్టెందుకు? ఇది నాకు అన్నిటికన్నా వినోదంగా అనిపించే అధ్యాయం. రాచరికపు రోజుల్లో ఐరోపా రాయబారులు జరీ కుట్టిన కోటు, పక్కన కత్తి వేసుకుని దర్బారుకు వెళ్లేవాళ్లు. రిపబ్లిక్ వచ్చాక జర్మన్ రాయబారులు మామూలు నల్లకోటుతో సరిపెట్టుకున్నారు. 1938లో రిబ్బెన్‌ట్రాప్ విదేశాంగ మంత్రి అయ్యాడు. దౌత్యవేత్తలకు కొత్త యూనిఫారం కావాలన్నారు. ఆ పని ఎవరికి అప్పజెప్పారు? బెన్నో ఫన్ ఆరెంట్ అనే రంగస్థల అలంకరణ నిపుణుడికి. నాటకాలకు తెరలు, సెట్లు వేసే మనిషి. ఆయన ముదురునీలం కోటుకు జరీలు అల్లి, నడుముకు మెరిసే బెల్టు, పక్కన ముత్యపుచిప్ప రంగు పిడి ఉన్న బాకు తగిలించాడు. పిడి చివర డేగ తల. విదేశాంగశాఖ వాడి బాకుకూ మిగతా ప్రభుత్వాధికారి బాకుకూ తేడా అంతా దానిమీది డేగ తల ఎటువైపు తిరిగి ఉందన్నదానిలో ఉంది. ఈ దుస్తులు చూసి ఆ ప్రభుత్వంలోని వాళ్లే చాటున నవ్వుకున్నారు. కొద్దిమంది కోసం, కొద్దికాలమే చేసినవి కాబట్టి ఆ బెల్టులు, బకిళ్లు అరుదు. అరుదు కాబట్టి ధర. ధర కాబట్టి నకిలీ. దౌత్యవేత్త బకిల్ అని ఎవరైనా చూపిస్తే ముందు జేబు పట్టుకోండి.

ఇప్పుడు ఇందాక భయమన్నానే, ఆ సంగతి. ఈ వస్తువులు కొనేవాళ్లంతా చరిత్ర విద్యార్థులు కారు. ముందువైపు గుర్తును పూజించేవాళ్లు కూడా సంతలో తిరుగుతుంటారు. అందుకే జర్మనీలో శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ కింద ఆ గుర్తులను బహిరంగంగా చూపితే మూడేళ్ల దాకా జైలు. పరిశోధనకు, బోధనకు, కళకు మినహాయింపు ఉంది. వేలంపాట జాబితాల్లో డేగ కాళ్లకింద చిన్న కాగితం ముక్క అతికించి ఫొటో వేస్తారు. ఎస్‌ఎస్ నినాదం, హిట్లర్ యూత్ నినాదం కూడా నిషిద్ధాలే. 'దేవుడు మాతో ఉన్నాడు' మాత్రం కాదు, అది వాళ్లకన్నా పాతది. ఫ్రాన్స్‌లో 2000లో ఒక కోర్టు యాహూ వేలంపాటల్లో నాజీ వస్తువులు ఫ్రెంచివాళ్లకు కనపడకూడదని ఆదేశించింది. ఆ మరుసటి ఏడు యాహూ వాటి అమ్మకమే ఆపేసింది. 2019లో మ్యూనిక్ దగ్గర జరిగిన వేలంలో అబ్దల్లా షటీలా అనే వ్యాపారి హిట్లర్ టోపీతో సహా చాలా వస్తువులు కొన్నాడు. లెబనాన్‌లో పుట్టిన క్రైస్తవుడు. కొని యూదుల సంస్థకు ఇచ్చేశాడు, తప్పుడు చేతుల్లో పడకూడదని. సేకరణలో అదీ ఒక పద్ధతే.

మన గడపమీద పసుపుకుంకుమలతో వేసే స్వస్తిక్ వేరు, నాజీల ఆ వంకరకొక్కెం వేరు అని మనం ఎన్నిసార్లయినా చెప్పగలం. విదేశాల్లో ఉన్న మన పిల్లలకు అది చెప్పాల్సిన అవసరం రోజూ పడుతుంది. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 2022లో నాజీ గుర్తును నిషేధించినప్పుడు హిందువుల, బౌద్ధుల, జైనుల స్వస్తిక్‌కు మినహాయింపును చట్టంలోనే రాసింది. మెల్‌బోర్న్ తెలుగువాళ్లు గృహప్రవేశం నిశ్చింతగా చేసుకోవచ్చు.

జర్మన్ బెల్టు భారతీయుల నడుముకూ ఎక్కింది. సుభాష్ చంద్రబోస్ 1941లో జర్మనీ చేరాక, ఉత్తరాఫ్రికాలో జర్మన్లకు చిక్కిన భారతీయ సైనికుల నుంచి ఒక దళం తయారైంది. ఇండియన్ లీజియన్, 950వ పదాతి రెజిమెంటు. దాదాపు మూడువేలమంది. జర్మన్ సైన్యం దుస్తులే, జర్మన్ బెల్టే. ప్రత్యేక గుర్తు చేతిమీద కుట్టిన బిళ్ల, దూకే పులి బొమ్మతో. ఆ రోజుల్లో బెర్లిన్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న మన హైదరాబాద్ యువకుడు ఆబిద్ హసన్ చదువు వదిలి బోస్ వెంట నడిచాడు, ఖైదీల శిబిరాలు తిరిగి ఈ దళానికి మనుషుల్ని కూడగట్టాడు. 'జై హింద్' అన్న పలకరింపు ఆయన సూచించినదేనంటారు. 1943 ఫిబ్రవరిలో బోస్‌తో పాటు జర్మన్ జలాంతర్గామి ఎక్కింది ఆయనొక్కడే. నడిసముద్రంలో రబ్బరు తెప్పమీద జపాన్ జలాంతర్గామికి మారింది కూడా బోస్‌తోనే. వెనక జర్మనీలో మిగిలిపోయిన దళాన్ని 1944లో ఎస్‌ఎస్ కిందికి మార్చారు. సర్దార్జీ తలపాగా, నడుముకు జర్మన్ డేగ ఉన్న ఆ ఫొటోలు చూస్తే మనసు ఒకచోట నిలవదు.

సంతలో ఎవరైనా 'ఇది ఇండియన్ లీజియన్ సైనికుడి బెల్టు' అని ఆశపెట్టి అమ్మితే మాత్రం నమ్మకండి. ఆ బకిల్ మీద భారతీయుడిదని చెప్పే గుర్తు ఏదీ ఉండదు. కాగితం ఉంటే కాగితానికి విలువ, లేకపోతే అది కథ.

ఒక రకం సేకరణను మాత్రం నేను ఒప్పుకోను. తూర్పు ఐరోపా యుద్ధభూముల్లో లోహశోధక యంత్రాలతో తవ్వి తీసిన బకిళ్లు తుప్పుతో, మట్టితో సంతకు వస్తుంటాయి. మట్టిలో బకిల్ ఒంటరిగా ఉండదు. ఎముకలుంటాయి, వాటితోపాటు ఒక అండాకారపు రేకు బిళ్ల ఉంటుంది. దాని మధ్యలో బెజ్జాల గీత. సైనికుడు చస్తే సగం విరిచి పైకి పంపుతారు, సగం శవంతో ఉంచుతారు. 1919లో మొదలైన జర్మన్ యుద్ధసమాధుల సంఘం ఇప్పటికీ ఆ సగం బిళ్లలను బట్టే పేర్లు గుర్తించి సమాధులు కడుతోంది. దొంగతవ్వకం చేసినవాడు బకిల్‌తో పాటు బిళ్లనూ అమ్ముకుంటే ఆ మనిషి ఎప్పటికీ అనామకుడే. ఎంత అపురూపమైనదైనా అలా వచ్చిన వస్తువు కొనకూడదు.

యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీ కొత్త సైన్యం బకిల్ మీద ఐక్యత, న్యాయం, స్వేచ్ఛ అని రాసుకుంది. తూర్పు జర్మనీ సుత్తి, వృత్తలేఖిని, ధాన్యపు కంకులు వేసుకుంది. బెర్లిన్ గోడ కూలాక ఆ తూర్పు బెల్టులు అక్కడి ఫుట్‌పాత్‌ల మీద బఠానీల్లా అమ్ముడుపోయాయి. కొత్తగా సేకరణ మొదలెట్టే కుర్రవాళ్లు ఎవరైనా అడిగితే నేను వాటితోనే మొదలుపెట్టమంటాను. చవక, నకిలీల బెడద తక్కువ, వెనకవైపు చదవడం అలవాటవుతుంది.

శ్రోతలకు ఒక్క మనవి. రెండో ప్రపంచయుద్ధంలో మద్రాస్ శాపర్లు అనే ఇంజినీరింగ్ దళం సైనికులు ఉత్తరాఫ్రికాలోనూ ఇటలీలోనూ పనిచేశారు. వాళ్లలో తెలుగువాళ్లున్నారు. పశ్చిమగోదావరి జిల్లాలో మిలటరీ మాధవరం లాంటి ఊళ్లు రెండు యుద్ధాలకూ మనుషుల్ని పంపాయి. మీ తాతగారి ట్రంకుపెట్టె అడుగున డేగ బొమ్మ ఉన్న పాత బకిల్ ఏదైనా దొరికితే పాతసామాన్లవాడికి వేయకండి, చింతపండుతో తోమకండి. ఒక కాగితం తీసుకుని, దాన్ని తెచ్చినాయన పేరు, రెజిమెంటు, తెచ్చిన చోటు, మీకు చెప్పినవాళ్ల పేరు రాయండి. ఆ కాగితం, బకిల్ ఒకే కవరులో పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే ఆ పని చేయండి.